ఏడో అంతస్తు

రుస్తావీలో మా బిల్డింగు లిఫ్టు
డబ్బులడుగుతుంది.
గోడకున్న ఇనప్పెట్టె నోట్లో పది తెత్రీల బిళ్ల వేస్తే
ఒళ్ళు విరుచుకుని, మూలిగి, కదులుతుంది.
మేముండేది ఏడో అంతస్తు.
నాలుగేళ్ళ రెండు నెలలు
మేం దాని మొహం చూడలేదు.

జుంబెర్ రెండు వేళ్ళు మిషన్లో పోయిన ఏడు
తీసుకున్నాం అప్పు.
ఆస్పత్రికి కొంత, అద్దెకి కొంత,
అంతకు ముందరి అప్పు నోరు మూయడానికి కొంత.
బ్యాంకు కుర్రాడు నవ్వుతూ పెన్నందించాడు.
సంతకం కాగానే
పెన్ను వెనక్కి పుచ్చుకున్నాడు.

అప్పట్నించీ నెలకి ముప్ఫై రోజుల్లేవు మాకు,
పదిహేడో తారీఖు ఒక్కటే.
మిగతావి దానికి అటూ ఇటూ
పిలవని పేరంటాళ్ళలా ఒదిగి కూచునేవి.

నాది రొట్టెల బట్టీలో రాత్రి పని.
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి
లోపలి గోడకి పిండి అతికిస్తాను.
కనుబొమలు కాలిపోయి మళ్ళీ మొలుస్తాయి,
వడ్డీలాగే.
కొన విరిగిన రొట్టెలు ఎవరూ కొనరు, అవి మావి.
రొట్టెకి రెండు వైపులా ముక్కులుంటాయని
మా చిన్నది లిలేకి
స్కూల్లో ఎవరో చూపిస్తేగానీ తెలీలేదు.

వాయిదా తప్పిన నెలల్లో తలుపు కొట్టేవారు.
టీవీ కట్టు. కుళాయి కట్టు.
ఇర్మా తమ్ముడి దగ్గుని తన అరచేత్తో నొక్కిపట్టేది.
లిలే అప్పటికింకా మాటలు కూడబలుక్కునే పిల్ల,
పెదాల మీద వేలు పెట్టుకోవడం మటుకు
అమ్మ అనడం కంటే బాగా వచ్చు.
మెట్ల మీద బూట్ల చప్పుడు దిగిపోయాక
జుంబెర్ లేచి దీపం వేసేవాడు.
నా వంక చూసేవాడు కాదు.

కింద మ్జియా కొట్లో అరువు పుస్తకం.
నానుల్, ఏడో అంతస్తు: నూనె, గుడ్లు రెండు,
బూట్లేసులు, మళ్ళీ నూనె.
ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ అడిగేది,
బాద్రీకి దగ్గు తగ్గిందా,
ఇర్మా లెక్కల్లో గట్టెక్కిందా అని.
పద్దు పక్కనే పిల్లల్నీ రాసుకుందేమో అనిపించేది.

నిన్న ఆఖరి వాయిదా కట్టాను.
ముద్ర పడింది. అంతే.
వెనక నించున్నాయన "జరుగమ్మా" అన్నాడు.

మ్జియాకివ్వాల్సిన పదకొండు లారీలూ ఇచ్చేశాను.
స్కేలు పెట్టి అడ్డగీత గీసింది.
ఆ పైన రొక్కమిచ్చి పావుకిలో జున్ను కొన్నాను.
"థాంక్సండీ" అంది.
అండీ!
నాకెందుకో ఊళ్ళో కొత్తగా దిగినట్టయింది.
కాసేపు నించుని, ఆవిడ అడక్కుండానే
"లిలేకి పాలపళ్ళు ఊడుతున్నాయి" అని చెప్పి వచ్చాను.

సాయంత్రం ఐదుగురం లిఫ్టెక్కాం.
బిళ్ల ఎవరు వెయ్యాలని కొట్లాట.
బాద్రీ గెలిచాడు.
మూడు, నాలుగు, ఐదు...
ఐదుకీ ఆరుకీ మధ్య అది
ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.
దీపం పోయింది.
"పది తెత్రీలు గోవిందా" అన్నాడు బాద్రీ.
నవ్వాం. నవ్వి నవ్వి
జున్ను పొట్లం ఎవరి కాలి కిందో నలిగింది.

అంతలో బయట్నించి తలుపు దబదబా కొట్టారు.
"ఎవరు లోపల?"

నవ్వు తెగింది.
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
చీకట్లో ఐదు ఊపిర్లు
ఎక్కడివక్కడ నిలబడ్డాయి.
నా చెయ్యి తడుముకుంటూ పోతే
లిలే మొహం దొరికింది,
పెదాల మీద వేలుంది.

మళ్ళీ కొట్టారు.

జుంబెర్ గొంతు సవరించుకున్నాడు.
మూడువేళ్ళ చేత్తో తలుపుని తిరిగి బాదాడు.
"జుంబెర్ లోమిద్జే!" అని అరిచాడు,
"ఏడో అంతస్తు!
ఇంట్లోనే ఉన్నాం, అందరం!"